లెక్క లేనివాడు

మా అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో పోయిన జూన్ నుంచి కరాటే క్లాసు నడుస్తోంది. నెలకు 3,500 రూపాయలు. యూనిఫాంకి 1,800. మూడు నెలలకోసారి బెల్టు పరీక్ష, దానికింకో 1,500. మా పాప అడగ్గానే పెద్దగా ఆలోచించకుండా ఫోన్‌లోనే కట్టేశాను.

క్లాసు జరిగే గదికి ఒకవైపు గోడంతా అద్దమే. సాయంత్రం ఆరింటికి పిల్లలు వరసగా నిలబడగానే, బయట పూలకుండీల పక్కన మా వాచ్‌మన్ కొడుకు కూడా నిలబడేవాడు. పదేళ్లుంటాయి. లోపలివాళ్లు గుద్దితే వాడూ గాల్లోకి గుద్దేవాడు, వాళ్లు కాలెత్తితే వాడూ ఎత్తేవాడు. లోపలున్న సగం మంది పిల్లల కన్నా వాడి అడుగు సరిగ్గా పడేది. పిల్లల ధ్యాస చెదురుతోందని ఎవరో అన్నారట, ఒకరోజు వెళ్లేసరికి అద్దానికి కర్టెన్ వేసి ఉంది.

ఆ కర్టెన్ చూసినప్పట్నుంచీ ఒక ప్రశ్న వదలడంలేదు. ఒక విద్యకి ఫీజు కడుతున్నామంటే నిజానికి దేనికి కడుతున్నట్టు? ఆ విద్య కొట్టే విద్య అయినప్పుడు, లెక్క కట్టకుండా దాన్ని నేర్చుకున్నవాడికి మనం ఏం బాకీ పడతాం? జవాబు తెలిసి రాస్తున్నది కాదిది. నా వైపునుంచి పాతబాకీ ఒకటి ఉంది, అందుకని రాస్తున్నాను.

*

మాది బేతంచెర్ల. ఇప్పుడు నంద్యాల జిల్లా, మా చిన్నప్పుడు కర్నూలు జిల్లా. ఇళ్లల్లో నేలమీద పరిచే బండల వల్లే బయటివాళ్లకు మా ఊరి పేరు తెలుసు. ఊరిచుట్టూ నాపరాతి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు. పొద్దస్తమానం రాయి కోసే మోత. నీళ్లూ రాతిపొడీ కలిసిన బురద ఎండి, గాలికి లేచి, ఆరేసిన బట్టలమీద పడేది. మా నాయన ఒక ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ దగ్గర పనిచేసేవాడు.

2001లో, నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా ఊరికి కరాటే వచ్చింది. పవన్ కళ్యాణ్ ‘తమ్ముడు’ వచ్చి అప్పటికి రెండేళ్లయినా, మా ఈడు పిల్లలకు ఆ మత్తు దిగలేదు. డోన్ నుంచి ఒక మాస్టరు వారానికి రెండు సాయంత్రాలు బస్సులో వచ్చి గ్రౌండులో నేర్పేవాడు. నెలకు 50 రూపాయలు. మా నాయన ఒకరోజు కూలి కన్నా కొంచెం తక్కువ.

‘కొట్లాటలు నేర్చుకునేకి లెక్క గట్టాల్నా? ఊరికే రాదా అది?’ అనింది మా అమ్మ. మా సీమలో డబ్బుని లెక్క అంటాం. ‘లెక్క ఉంది’ అంటే డబ్బుంది అని. ‘లెక్కలేదు’ అంటే డబ్బులేదు అని. వాడసలు లెక్కలోకే రాడనే ఇంకో అర్థం కూడా దాన్లోనే ఉందని చాలా ఏళ్ల తర్వాత గాని నాకు తట్టలేదు.

మా అమ్మ అడిగింది సరైన ప్రశ్నే. ఆ రెండు మూడేళ్లలోనే ‘సమరసింహారెడ్డి’, ‘ఇంద్ర’ లాంటి సినిమాలొచ్చి, సీమంటే కత్తులూ బాంబులే అని అందరికీ చెప్పేశాయి. తర్వాత ఇంజనీరింగ్ కాలేజీలో మా రూమ్మేట్లు నన్ను మొదట అడిగింది ‘మీ ఊళ్లో రోజూ బాంబులేస్తారా’ అనే. అలాంటి పేరు మోస్తున్న చోట, లెక్క గట్టి మరీ కొట్టడం నేర్చుకోవడమేమిటి? మాస్టరు దీనికి చెప్పే జవాబు ఒకటుండేది. ‘కొట్టేది ఎవడైనా కొడతాడు. చెయ్యెత్తినాక ఆపడం నేర్పిస్తా నేను.’

యూనిఫాం కొనే స్తోమత ఎవరికీ లేదు. తెల్ల డ్రిల్లు గుడ్డ తెచ్చి మా ఊరి టైలరు చేతనే కుట్టించుకున్నాం. గోనెసంచిలో ఇసుక, పాతబట్టలు కూరి వేపచెట్టుకి వేలాడదీస్తే అదే మా బ్యాగు. చేతులకి చుట్టుకోవడానికి పాత పంచె చింపిన పీలికలు. చేత్తో పగలగొట్టే విన్యాసానికి మాత్రం మా ఊళ్లో కొదవలేదు. ఫ్యాక్టరీల వెనక ముక్కబండలు గుట్టలు గుట్టలుగా పడుండేవి. పల్చటివి ఏరుకుని, రెండు ఇటుకలమీద పెట్టి కొట్టేవాళ్లం. పగిలితే గొప్ప, పగలకపోతే పసుపు.

*

గ్రౌండు గోడ అవతల ఒకడు నిలబడేవాడు. పేరు రాయను. నాకన్నా ఏడాది పెద్ద. ఆరో తరగతిలో బడి మానేసి వాళ్ల నాయనతో కలిసి లారీలకు బండలెత్తేవాడు. గోడమీద మోచేతులు పెట్టుకుని క్లాసు మొత్తం చూసేవాడు. మా ఇద్దరికీ స్నేహం ముక్కబండల గుట్ట దగ్గర మొదలైంది. నేను ఇంట్లో ప్రాక్టీసు చేస్తున్నానని చెప్పి అక్కడికి పోయేవాణ్ణి. నేను మర్చిపోయింది వాడు గుర్తుచేసేవాడు. ‘నీ మడమ లేస్తాంది చూడప్పా, సారు వద్దన్నె గదా’ అనేవాడు. నేను లోపలుండి వినని మాట వాడు బయటుండి విన్నాడు.

మూడు నెలలకు మాస్టరు వాణ్ణి గమనించాడు. నవ్వి, లోపలికి పిలిచాడు. ఫీజు సంగతి ఎత్తలేదు. వాడు చొక్కా ప్యాంటులోనే ఆఖరి వరసలో నిలబడ్డాడు.

నంద్యాలలో పోటీలున్నాయని, వాటికి ముందు మాస్టరు మమ్మల్ని జంటలుగా విడదీసి ఆడించాడు. నాకు వాడు పడ్డాడు. నేను పచ్చబెల్టు. వాడికి ఏ బెల్టూ లేదు. నిమిషంలో అయిపోయింది. మూడుసార్లు వాడి పిడికిలి నా ముఖం దాకా వచ్చింది, మూడుసార్లూ ముక్కుకి వేలెడు దూరంలో ఆగింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాడు నవ్వలేదు. వంగి నమస్కారం పెట్టి వెనక్కి పోయాడు.

తర్వాతి క్లాసు రోజు నేను ముందే బస్టాండుకి పోయి మాస్టరు కోసం నిలబడ్డాను. బస్సు దిగగానే చెప్పాను. ‘సార్, వాడు ఫీజు కట్టడంలే. మిగతా పిల్లోల్ల ఇండ్లల్లో అడుగుతాండారు, వానికి ఊరికే నేర్పిస్తే మేమెందుకు కట్టాలని.’ మొదటి ముక్క నిజం. రెండోది నేను కల్పించింది. ఎవరింట్లోనూ ఎవరూ ఏమీ అడగలేదు.

మాస్టరు టీ తాగినంతసేపూ ఏమీ మాట్లాడలేదు. ఆ సాయంత్రం వాణ్ణి పక్కకి పిలిచి, వచ్చేనెల నుంచి ఫీజు తెచ్చుకుంటేనే రమ్మన్నాడు. వాడు తలూపాడు. మళ్లీ రాలేదు, గోడ దగ్గరికి కూడా. నంద్యాల పోటీల్లో నాకు మూడో బహుమతి వచ్చింది. ఆ పతకం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది.

*

ఈ కథ చదువుతున్న మీకు ఈపాటికి ఏకలవ్యుడు గుర్తొచ్చే ఉంటాడు. నాకు మాత్రం చాలా ఆలస్యంగా గుర్తొచ్చాడు. డోన్ పాతపేరు ద్రోణాచలం. ఆ పేరున్న రైల్వేస్టేషను మీంచి వందసార్లు పోయుంటాను, ఒక్కసారైనా తట్టలేదు.

ఏకలవ్యుడి కథలో మనం సాధారణంగా ద్రోణుణ్ణి తప్పు పడతాం. న్యాయమే. కానీ ఆదిపర్వం కుదురుగా చదివితే రెండు విషయాలు కనబడతాయి. మొదటిది, ద్రోణుడి ఆకలి. కలిగినవాళ్ల పిల్లలు పాలు తాగుతుంటే చూసి అశ్వత్థామ ఏడుస్తాడు. తోటిపిల్లలు పిండి కలిపిన నీళ్లిస్తే, అవి పాలేననుకుని తాగి గంతులేస్తాడు. ఆ దృశ్యం తండ్రిని కాల్చేస్తుంది. పరశురాముడు సంపద పంచుతున్నాడని వెళితే అప్పటికే అంతా అయిపోయింది, అస్త్రాలు మాత్రమే మిగిలాయి. స్నేహితుడు గదా అని ద్రుపదుడి దగ్గరికి వెళితే అవమానం. చివరికి హస్తినలో రాజుగారి పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం. అంటే, కొట్టే విద్యకు మన పురాణంలో పేరుమోసిన గురువు తిండికోసం ఆ పనిలో చేరినవాడు. ఉద్యోగంలో కూడా ఆయన పక్షపాతం దాగలేదు. శిష్యులందర్నీ నీళ్లకు పంపేటప్పుడు తన కొడుక్కి వెడల్పు మూతి పాత్ర, మిగతావాళ్లకి ఇరుకు మూతివి ఇస్తాడు. కొడుకు ముందే వచ్చేస్తే ఇంకో పాఠం చెప్పొచ్చని.

రెండోది, అర్జునుడు. ఏకలవ్యుడి సంగతి ద్రోణుడికి తనంతట తెలియలేదు. అడవిలో కుక్క నోట్లో బాణాలు చూసొచ్చిన అర్జునుడు ఏకాంతంలో గురువుని కలిసి అడుగుతాడు, నన్ను మించినవాడు ఉండడని మాటిచ్చారు కదా అని. ఆ తర్వాతే ద్రోణుడు అడవికి బయల్దేరతాడు. బొటనవేలు తెగాక అర్జునుడి మనసులో జ్వరం దిగినట్టయిందనే అర్థం వచ్చే మాట సంస్కృత మూలంలో ఉంది. మొదటిసారి అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. పచ్చబెల్టు కట్టుకున్న నాకూ ఆ సాయంత్రం సరిగ్గా అట్లాగే ఉండింది, జ్వరం దిగినట్టు.

మన దేశంలో మంచి కోచ్‌లకు 1985 నుంచి ద్రోణాచార్య పేరుమీద అవార్డిస్తున్నారు. ఆటగాళ్లకు 1961 నుంచి అర్జున అవార్డుంది. గిరిజన పిల్లల గురుకులాలకు ఏకలవ్యుడి పేరు పెట్టారు. అవార్డు ఇచ్చేచోట ఇద్దరు, హాస్టల్ కట్టేచోట ఒకడు. ఎవరూ కావాలని చేసి ఉండరు. అలా కుదిరిపోయింది, అంతే.

*

మాస్టరు వైపు నుంచి కూడా చూడాలి. మేం ఇరవైనాలుగు మందిమి. అందరూ కడితే నెలకు 1,200. అందరూ కట్టేవాళ్లు కాదు. దాన్లోంచి బస్సు ఛార్జీలు పోవాలి, బెల్టు పరీక్షల డబ్బులో కొంత పైవాళ్లకు పోవాలి. ఆయన ఇంట్లో కూడా పాలు కావాల్సిన పిల్లలు ఉండుంటారు. ‘విద్య అమ్ముకోకూడదు’ అని మనం సులువుగా అనేస్తాం, మన జీతం మనకు పడుతుంటుంది కాబట్టి. ఉచితంగా నేర్పమని పేద మాస్టరుని అడగడమంటే, ఒక పేదవాడి ఖర్చుని ఇంకో పేదవాడి నెత్తిన పెట్టడం.

ఫీజు లేకపోతే విలువ ఉండదనీ, ఫీజు కట్టినవాడికే క్రమశిక్షణ ఉంటుందనీ ఇంకో వాదన వింటుంటాను. ఇది మాత్రం నేను ఒప్పుకోను. క్రమశిక్షణకు డబ్బుతో సంబంధం ఉంటే, ముక్కుకి వేలెడు దూరంలో ఆగాల్సింది నా పిడికిలి.

ఈ బెల్టుల సంగతి కూడా కొంచెం తెలుసుకోవాలి. అవేవో వేల ఏళ్లనాటివన్నట్టు మా మాస్టరు చెప్పేవాడు, మేం నమ్మేవాళ్లం. జూడో స్థాపించిన జిగోరో కానో దాన్ అనే అంచెల పద్ధతిని 1883లో మొదలుపెట్టాడు. అంతకుముందు ఒకినావాలో కరాటే నేర్చుకున్నవాళ్లకు బెల్టు అనేదే లేదు. ఒకినావా కరాటేని జపాన్‌కి పరిచయం చేసిన గిచిన్ ఫునకోషి, కానో పద్ధతిని తీసుకుని 1924లో తన శిష్యులకు మొదటి నల్లబెల్టులిచ్చాడు. ఆ ఫునకోషి వృత్తి బడిపంతులు. 1922లో యాభై దాటిన వయసులో టోక్యో వచ్చి, జరుగుబాటు కోసం ఒకినావా విద్యార్థుల వసతిగృహంలో కాపలా కాస్తూ, గదులూడుస్తూ, అక్కడే కరాటే నేర్పాడు. కరాటేలో మొదటి దెబ్బ మనది కాకూడదన్నది ఆయన పెట్టిన సూత్రాల్లో ఒకటి.

నేను ఆ సూత్రాన్ని మాస్టరు చెప్పగా నోట్సులో రాసుకున్నాను. గ్రౌండులో ఎప్పుడూ తప్పలేదు. బస్టాండులో తప్పాను. మొదటి దెబ్బ నాదే, దానికి పిడికిలి కూడా అవసరం లేకపోయింది.

*

డబ్బుతో పనిలేని పద్ధతులు మన దగ్గర లేవా అంటే ఉన్నాయి. రాయలసీమ ఊళ్లల్లో, తెలంగాణలో తాలింఖానాలుండేవి. తాలీమ్ అంటే శిక్షణ. కర్రసాము, కత్తిసాము అక్కడ ఉస్తాదు దగ్గర నేర్చుకుని పీర్ల పండగ ఊరేగింపుల్లో చేసి చూపేవాళ్లు. అక్కడ నెలనెలా ఫీజు కన్నా ఉస్తాదు మీద గౌరవం, ఊరి ఆదరణ ముఖ్యం. మా మాస్టరుకి లేనిది అదే. ఆయన్ని పోషించే ఊరు లేదు, యాభై రూపాయల చొప్పున ఇరవైనాలుగు ఇళ్లున్నాయి. అలాగని తాలింఖానాని మరీ ఆకాశానికెత్తలేను. ఆడపిల్లలు అక్కడ ఎక్కడ కనబడతారు? ఊరు పోషించే చోట ఎవరు లోపల, ఎవరు బయట అనేది కూడా ఊరే తేలుస్తుంది. ఫీజు గోడ లేనిచోట కులం గోడ ఉండొచ్చు. యాభై రూపాయలైతే ఎవరు కట్టినా చెల్లుతుంది కదా అని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఇక కర్ర పట్టుకోవడానికి ఏ శిక్షణా అక్కర్లేదన్నదానికి మా పాత కర్నూలు జిల్లాలోనే దేవరగట్టు ఉంది. దసరా రోజు అర్ధరాత్రి మాళమల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తుల కోసం ఊళ్లకు ఊళ్లు ఇనుపతొడుగుల కర్రలతో తలపడతాయి. ఏటా తలలు పగులుతాయి. పోలీసులొస్తారు, డాక్టర్లొస్తారు, ఆగదు. భక్తిని నేను తక్కువ చేయడంలేదు. మా అమ్మ చెప్పిన మాటకి సాక్ష్యంగా చెబుతున్నాను, కొట్టడం ఊరికే వస్తుంది. ఆపడం ఊరికే రాదు. దానికి ఎవరో ఒకరు మన ఎదురుగా నిలబడి, మన మడమ లేస్తోందని, చెయ్యి బిగుసుకుపోతోందని, కోపం వచ్చిందని చూసి చెప్పాలి. మనం ఫీజు కట్టేది ఆ చూపుకి.

ఇప్పుడు విద్యంతా ఫోన్‌లో ఉంది కదా, మాస్టరెందుకు అంటారు మావాళ్లు. ఏ కటా కావాలన్నా, ఏ పట్టు కావాలన్నా పైసా ఖర్చు లేకుండా యూట్యూబ్‌లో దొరుకుతుంది. నా వృత్తి కూడా అలాంటి ధర్మం మీదే బతుకుతోంది. లినక్స్ లాంటివి ఎవరెవరో రాసి లోకానికి వదిలేస్తే, వాటిమీద నేను జీతం తీసుకుంటున్నాను. అయినా నాకు పని వచ్చింది కోడ్ ఊరికే దొరికినందుకు కాదు. ఒక సీనియరు నా పక్కన కూర్చుని, నేను రాసింది లైనులైనూ చదివి, ‘ఇదెందుకిలా రాశావు’ అని అడిగినందుకు. పాఠం ఉచితంగా దొరకొచ్చు. ఒక మనిషి సమయం ఉచితం కాదు.

అందుకే, గురువు లేకుండా నేర్చుకున్న వీరుడని ఏకలవ్యుణ్ణి ఇప్పటి ఆన్‌లైన్ చదువులకు ఆదర్శంగా చూపిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. మట్టిబొమ్మ ముందు సాధన చేసి అతను విద్య సంపాదించాడు, నిజమే. కానీ కుక్క మొరిగిన రోజు అతని తరఫున మాట్లాడేవాడు లేడు. వరసలో నిలబడి నేర్చుకున్నవాళ్లకి విద్యతో పాటు ఒక చోటు దొరుకుతుంది. వీళ్లు మావాళ్లు అనేవాళ్లుంటారు. లెక్క కట్టి మనం కొనుక్కునేది ఎక్కువగా దాన్నే. ఏకలవ్యుడి విద్య చాలినంత ఉంది. చోటే లేదు.

*

కర్టెన్ సంగతి మాట్లాడదామని కోచ్ దగ్గరికి వెళ్లాను. పాతికేళ్ల కుర్రాడు. నాలుగు అపార్ట్‌మెంట్లు తిరుగుతాడు, క్లబ్‌హౌస్‌కి అద్దె కట్టుకుంటాడు. ఒకడికి ఊరికే నేర్పిస్తే మిగతావాళ్లు అడగరా సార్ అన్నాడు. పాతికేళ్ల కిందట నేను కల్పించిన అబద్ధం అచ్చంగా అదే మాటల్లో నాకే తిరిగొచ్చింది. ఫీజు నేను కడతానన్నాను. ఒప్పుకున్నాడు.

సమస్య తీరిందనుకుని వాచ్‌మన్ దగ్గరికి పోయాను. ఆయనది వనపర్తి వైపు పల్లె. విని చేతులు జోడించాడు.

‘వద్దు సార్. ఆట అని మీరంటరు. మా పోరడు గెలిస్తె ఎట్ల? ఎవరి పిల్లగాడికన్న ముక్కుమీద తగిలితె నా నౌకరి ఉంటదా?’

నేను ఏదో చెప్పబోయాను. నియమాలుంటాయని, దెబ్బ తగలకుండా ఆపడం నేర్పిస్తారని. ఆయన వింటూ నిలబడ్డాడు. నమ్మలేదు. నమ్మకపోవడానికి ఆయనకున్న కారణం నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ముక్కుకి వేలెడు దూరంలో ఆపినా శిక్ష తప్పలేదు ఒకడికి.

ఇన్నాళ్లూ ఫీజు ఒక్కటే అడ్డం అనుకున్నాను. ఫీజు ఎవరో ఒకరు కట్టొచ్చు, డ్రిల్లు గుడ్డతో సర్దుకోవచ్చు, గోనెసంచి వేలాడదీసుకోవచ్చు. గెలుపుకి కూడా ఒక ఖర్చుంటుంది. అది కట్టగలిగినవాడికే గెలవడం చెల్లుతుంది. ఏకలవ్యుడు అది గెలిచాక కట్టాడు. నా స్నేహితుడూ గెలిచాకే కట్టాడు. వాచ్‌మన్ ముందుగానే లెక్కేసుకుని, మాకొద్దన్నాడు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నా స్నేహితుణ్ణి చూశాను. సొంత లారీ కొన్నాడు, బండలు తోలుతున్నాడు. ‘ఇంగా చేస్తాండావా కరాటే?’ అని వాడే అడిగాడు. లేదన్నాను. మా పాప నేర్చుకుంటోందని చెప్పాను. ‘మడమ లేపొద్దని చెప్పు’ అన్నాడు. బస్టాండు విషయం నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను. చెప్పుంటే నా బరువు తగ్గేది, వాడికి ఒరిగేదేముంది అని సర్దిచెప్పుకున్నాను. అది కూడా పిరికితనానికి పెట్టిన మంచి పేరేనేమో.

నా దయమీద ఒక పిల్లవాడు లోపలికి రావడం కాదు చేయాల్సింది అని ఇప్పుడనుకుంటున్నాను. దయ ఇచ్చినవాడు తీసేసుకోగలడు కూడా. ఇక్కడ పనిచేసేవాళ్ల పిల్లలందరికీ క్లాసులో హక్కుగా చోటుండాలని, కోచ్‌కి ఆ ఫీజు అందరం కలిసి మెయింటెనెన్స్‌లోంచి కట్టాలని, ఆటలో తగిలిన దెబ్బకి ఏ ఉద్యోగమూ పోదని రాతపూర్వకంగా ఉండాలని అసోసియేషన్ మీటింగులో పెట్టాను. మొదటి రెండిటి మీద అరగంట చర్చ జరిగింది, కొందరు సరేనన్నారు కూడా. మూడోది చదవగానే ఒకాయన నవ్వి, ‘అంతదాకా ఎందుకొస్తుందండీ’ అన్నారు.

అంతదాకా వస్తే ఏమిటన్నదే వాచ్‌మన్ అడిగిన ప్రశ్న. ఆ నవ్విన పెద్దాయన మనవడు, మా పాప, ఒకే వరసలో నిలబడతారు. ఆ వరసలో పచ్చబెల్టు ఎవరికొస్తుందో, ఆ బెల్టుని వాచ్‌మన్ కొడుకు అందరిముందూ ఓడించిన సాయంత్రం ఆ ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు. అది మా ఇల్లే అయితే నేనేం మాట్లాడతానో కూడా ఖాయంగా చెప్పలేను. తీర్మానం వచ్చే మీటింగుకి వాయిదా పడింది.